ఆరు పేజీల వినతిపత్రం, ఒక తల్లి బస్సు చార్జీ

(విజయవాడలో మానసిక వైద్యులు, పీజీ విద్యార్థులు, రోగుల కుటుంబసభ్యులు కలిసిన ఒక సభలో ఓ సీనియర్ మానసిక వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. హాల్లో ఏసీ సగమే పనిచేస్తోందని నిర్వాహకులు ముందే చెప్పారు. బెజవాడలో ఇన్నేళ్లు బతికి ఉక్కపోత అంటే నవ్వుతారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నాకిచ్చిన అంశం 'మానసిక ఆరోగ్య విధానాల రూపకల్పనలో వైద్యుల పాత్ర'. ఆహ్వానపత్రిక మీద బాగానే ఉంది. విప్పి చెబితే, ఎమ్మెల్యేల ఇళ్లకూ ఎంపీల ఆఫీసులకూ వెళ్లి మనకేం కావాలో అడగడం. లాబీయింగ్. ఆ మాట మన పేపర్లలో పడేసరికి పైరవీ వాసన పట్టింది. అమెరికాలో డబ్బు తీసుకుని లాబీయింగ్ చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి. 1946లోనే దానికి చట్టం ఉంది, 1995లో ఇంకొంచెం గట్టిది తెచ్చారు. ఎవరి తరఫున వచ్చారు, ఏ బిల్లు గురించి, ఎంత ఖర్చయింది, అన్నీ కాగితం మీద ఉండాలి. మనకు అలాంటి చట్టమేమీ లేదు. అర్జీ పట్టుకొచ్చినవాడైనా పైరవీకి వచ్చినవాడైనా ఒకటే గుమ్మం, ఒకడే పీఏ.

నేను మొదటిసారి ఆ గుమ్మం ఎక్కింది 2013 చివర్లో. మానసిక ఆరోగ్య రక్షణ బిల్లు ఆ ఆగస్టులోనే రాజ్యసభకు వచ్చింది. మేం నలుగురం కలిసి ఒక ఎంపీ గారి దగ్గరకు వెళ్లాం. చేతిలో ఆరు పేజీల వినతిపత్రం, ఇంగ్లీషులో. ఇరవై రెండు డిమాండ్లు. టై కట్టుకుని మరీ వెళ్లాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన మమ్మల్ని చూడగానే, "ఎవరికి డాక్టరు గారూ ట్రాన్స్‌ఫర్?" అన్నారు. తప్పు ఆయనది కాదు. తెల్లకోటు వాళ్లు ఆ ఇంటికి వచ్చేది ఎక్కువగా దానికే.

ట్రాన్స్‌ఫర్ కాదు సార్, బిల్లు అన్నాం. మొదటి పేజీ తిరగేశారు. మా మొదటి డిమాండ్, జనరల్ ఆస్పత్రుల్లోని సైకియాట్రీ వార్డుల్ని ఈ చట్టం నుంచి మినహాయించాలని. ఆయన కళ్లజోడు తీసి అడిగారు: "ఇందులో పేషెంటుకు ఏమొస్తుంది?"

మేం నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

మా దగ్గర జవాబు లేకపోలేదు. ఆ డిమాండ్ మా నలుగురిది మాత్రమే కాదు, దేశవ్యాప్తంగా ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా అదే అడిగింది. 1987 నాటి పాత చట్టంలో ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల వార్డులు లైసెన్సు పరిధిలోకి రావు. కొత్త బిల్లు అందర్నీ రిజిస్ట్రేషన్ కిందకు తెస్తానంది. గుండె వార్డుకి లేని రిజిస్టర్లూ తనిఖీలూ మా వార్డుకే ఎందుకు, ఈ గొడవ భరించలేక ఆస్పత్రులు వార్డే ఎత్తేస్తే పేషెంటు మళ్లీ విశాఖకో ఎర్రగడ్డకో పోవాలి కదా, అన్నది మా వాదన. అందులో న్యాయం ఉందని ఇప్పటికీ అంటాను. కానీ ఆరు పేజీల్లో ఎక్కడా దాన్ని పేషెంటు వైపు నుంచి రాయలేదు. చదివిన వాడికి 'మమ్మల్ని తనిఖీ చెయ్యొద్దు' అని అడుగుతున్నట్టే కనిపిస్తుంది. పైగా ఆ చట్టం ఎందుకు వచ్చిందో కూడా మరిచిపోయాం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. 2007లో వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది. తనిఖీ అన్నమాట గాల్లోంచి ఊడిపడలేదు. అలాంటి చోట ముందు వరసలో నిలబడి మా మినహాయింపు మాకివ్వండి అన్నాం.

ఆ బిల్లు 2016 ఆగస్టులో రాజ్యసభ, 2017 మార్చిలో లోక్‌సభ దాటింది. మినహాయింపు రాలేదు.

ఎవర్ని ఏం అడగాలో తెలియకపోవడం మా రెండో తప్పు. ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. మానసిక వ్యాధి మాత్రం ఉమ్మడి జాబితాలో 16వ అంశం. అక్కడ ఇప్పటికీ ఇంగ్లీషులో వాడిన మాట 'లూనసీ', అంటే పిచ్చి. రాజ్యాంగం మనల్ని ఇంకా ఆ పేరుతోనే పిలుస్తోంది, అది వేరే సభకు సరిపడే విషయం. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటే. చట్టం ఢిల్లీది. పోస్టులు, మందులు, బడ్జెట్ పద్దు వెలగపూడివి. సెక్షన్ మార్చమని ఎమ్మెల్యేని అడిగితే ఆయన మర్యాదగా తల ఊపి టీ ఇప్పిస్తారు. పీహెచ్‌సీలో మందుల గురించి ఎంపీని అడిగినా అంతే, టీ ఇంకొంచెం బాగుంటుందేమో.

రెండోసారి సంగతి చెబుతాను. ఇది ఎమ్మెల్యే గారి ఇల్లు. పొద్దున్నే ఏడింటికి వరండా నిండా జనం. పింఛను రానివాళ్లు, ఇళ్ల స్థలం కావాల్సినవాళ్లు, సీఐని మార్చమనేవాళ్లు. ఈసారి టై లేదు. కాగితం ఒకటే, తెలుగులో. నాతో సత్తెనపల్లి దగ్గర ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె కొడుక్కి స్కిజోఫ్రీనియా. మందులు వేసుకుంటే పొలం పనికి వెళతాడు, మానేస్తే మూడు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఎమ్మెల్యే గారు నన్ను వదిలేసి ఆమె వైపు తిరిగారు.

"ఏం తల్లీ, ఏ ఊరు?"

ఊరు చెప్పింది. నెలకోసారి గుంటూరు రావాలయ్యా, అంది. ఇద్దరికీ రానూపోనూ బస్సు టికెట్లు, ఆ రోజు కూలి పోతుంది, మిరపకాయ కోతలప్పుడైతే ఆ ఒక్కరోజు కూలి పోవడమే ఎక్కువ బాధ. (ఇప్పుడంటే ఆడవాళ్లకు బస్సు ఉచితం. అప్పుడు కాదు. ఇప్పుడైనా కొడుక్కి టికెట్ తీసుకోవాల్సిందే.) లైను కదలకపోతే మందుల షాపులో కొనుక్కుని పోవడమే. "మీ ఊరి ఆస్పత్రిలో ఇవ్వరా?" అన్నారాయన. "బీపీ బిళ్లలు ఇస్తారయ్యా. మావాడి బిళ్లలు అడిగితే అవి పెద్దాస్పత్రివి అంటారు."

అంతే. ఎపిడెమియాలజీ లేదు, సెక్షన్లు లేవు. ఆయన అక్కడే ఫోన్ తీసి జిల్లా అధికారితో మాట్లాడారు. రెండు నెలల్లో ఆ పీహెచ్‌సీకి మందులొచ్చాయి.

చప్పట్లు ఆగండి. ఆరు నెలలకు మళ్లీ అయిపోయాయి. ఫోన్ కాల్ మీద వచ్చిన మందు ఫోన్ కాల్ ఉన్నన్నాళ్లే ఉంటుంది. పీహెచ్‌సీ పంపే మందుల కోరికపత్రం, ఇండెంట్‌లో ఆ మందు పేరు ఎక్కాలి, కొనుగోలు జాబితాలో ఉండాలి, అక్కడి మెడికల్ ఆఫీసర్‌కి రాసే ధైర్యం ఉండాలి. ఈ మూడూ లేకపోతే ఎమ్మెల్యే మంచితనం ఏం చేస్తుంది? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టింది 1996లో. దానికి ముందు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో చేసి చూపించారు, పీహెచ్‌సీ డాక్టరుకు నేర్పితే మామూలు కేసులు అక్కడే చూడొచ్చని. అంటే మనం కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, ఉన్నదాన్ని నడిపించమని అడగాలి. అందుకని మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లి ఈసారి వినతిపత్రం కాకుండా ఒక ప్రశ్న రాసిచ్చాం. అసెంబ్లీలో నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తారు చూడండి, అది. 'జిల్లాలో ఎన్ని పీహెచ్‌సీల్లో ఫలానా నాలుగు మందులు ఉన్నాయి, ఎన్ని నెలలుగా లేవు?' జవాబు సభలో చదివే రోజు రాకముందే కింద స్టోర్లలో లెక్కలు తీయడం మొదలైంది. డిమాండ్‌ను ఫైల్లో పెట్టేయొచ్చు, ప్రశ్నకు మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టి అంకె ఇవ్వాలి. ఇది మాకు ఎవరూ కాలేజీలో చెప్పలేదు, ఆ ఇంటి పీఏ చెప్పాడు.

ఒక జాగ్రత్త. ఆ రోజు మేం కొడుకుని తీసుకెళ్లలేదు, కావాలనే. ఎవరో ఫోన్‌లో ఫొటో తీస్తే అడిగి చెరిపించాం. వైద్యం పొందుతున్న మానసిక రోగి ఫొటోగానీ వివరాలుగానీ అతని అంగీకారం లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మనమే ఆ చట్టాన్ని మీరి ఆ చట్టం అమలు చెయ్యమని అడిగితే బాగుండదు. తల్లి వచ్చింది, తన ఖర్చు గురించి తను చెప్పింది. కొడుకు గురించి చెప్పాల్సిన దానికంటే ఎక్కువ చెప్పొద్దని ముందే అనుకున్నాం.

బయల్దేరుతుంటే ఎమ్మెల్యే గారు నన్నొక్కణ్ణే ఉండమన్నారు. తలుపు వేసి, గొంతు తగ్గించి, దగ్గరి బంధువు ఒకరి గురించి అడిగారు. పదేళ్లుగా ఇంట్లోనే ఉంచి, ఎవరికీ చెప్పకుండా, హైదరాబాద్‌లో చూపిస్తున్నారట. నేను ఇన్నేళ్లలో కలిసిన రాజకీయ నాయకుల్లో ఇలా తలుపు వేసినవాళ్లు ఆయనొక్కరే కాదు. పార్టీల పేర్లు అడక్కండి, అన్ని పార్టీలూ ఉన్నాయి.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బుకు ఇచ్చినట్టు మనసు జబ్బుకు ఇచ్చేవి కావు, దీని మీద వాళ్లు దశాబ్దాలు కొట్లాడారు. ఆ చట్టం తెచ్చింది ఇద్దరు సెనేటర్లు. పీట్ డొమెనిచి రిపబ్లికన్, పాల్ వెల్‌స్టోన్ డెమోక్రాట్. ఉప్పూ నిప్పూ. డొమెనిచి కూతురికి స్కిజోఫ్రీనియా. వెల్‌స్టోన్ అన్నకు తీవ్రమైన మానసిక వ్యాధి. వాళ్లను కలిపింది అదే. 1996లో వచ్చిన మొదటి చట్టం బొత్తిగా చిన్నది, ఏడాదికీ జీవితకాలానికీ పెట్టే డబ్బు పరిమితుల్లో తేడా చూపొద్దంది, అంతే. కంపెనీలు ఆ తేడాను రోజుల పరిమితిలోకీ పేషెంటు వాటాలోకీ మార్చుకున్నాయి. అసలు చట్టం 2008 అక్టోబరు 3న వచ్చింది, అదీ కుప్పకూలుతున్న బ్యాంకులను ఆదుకునే బిల్లుకు తోకలా తగిలించుకుని. వెల్‌స్టోన్ చూడలేదు, 2002లోనే విమాన ప్రమాదంలో పోయారు. ఆ చట్టానికి ఇద్దరి పేర్లూ పెట్టారు. పన్నెండేళ్లు పట్టింది. అక్కడి సైకియాట్రిస్టుల సంఘం 1844 నాటిది, డబ్బుంది, వాషింగ్టన్‌లో మనుషులున్నారు. అయినా పన్నెండేళ్లు.

మనకు ఆ హక్కు ఒక వాక్యంలో వచ్చేసింది. 2017 చట్టం 21వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం. శారీరక జబ్బుకు ఎలా ఇస్తారో మానసిక జబ్బుకూ అలాగే బీమా ఇవ్వాలి. 2018లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. 2021లో ఢిల్లీ హైకోర్టు, మానసిక జబ్బును మినహాయించిన పాలసీ చట్టవిరుద్ధమని తేల్చింది. కానీ మన పాలసీలు ఎక్కువగా అడ్మిషన్‌కే డబ్బిస్తాయి, మన పేషెంట్లలో ఎక్కువమంది అడ్మిట్ కారు. నెలనెలా ఓపీకి వచ్చి బిళ్లలు తీసుకెళతారు. సమానత్వం కాగితం మీద ఉంది, సత్తెనపల్లి తల్లికి పైసా రాదు. ఓపీ కవరేజీ అడగాల్సింది ఇక్కడ.

ఇప్పుడు నాకు మనసుకు దగ్గరగా ఉన్న విషయం. నేను గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు, 1987-88. పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం రైతులు అప్పుల్లో మునిగిన సంవత్సరం అది. క్యాజువాలిటీకి రాత్రిపూట పురుగుమందు తాగినవాళ్లు వచ్చేవాళ్లు. ఎంఎల్‌సీ రాయాలి. పిల్లలూ, ఆస్పత్రిలో ఎంఎల్‌సీ అంటే మెడికో లీగల్ కేసు, వెలగపూడిలో వేరే. ఏమైందమ్మా అంటే భార్య చెప్పే మాట ఒకటే: "కడుపునొప్పి తట్టుకోలేక తాగాడయ్యా." పక్క మంచం వాళ్లదీ అదే మాట. మర్నాడు పేపర్లో కూడా అదే. జిల్లా మొత్తానికి కడుపునొప్పి వచ్చిందా అనుకునేవాణ్ణి, కుర్రతనం. అబద్ధానికి కారణం ఐపీసీ 309. బతికి బయటపడితే కేసు. చావబోయినవాడికి జైలు భయం. ఆ అబద్ధం వల్ల మాకు అసలు కారణం తెలిసేది కాదు. ఎవరూ అతనితో కూర్చుని మాట్లాడేవాళ్లు కారు. కడుపు కడిగి, తేరుకున్నాక డిశ్చార్జి.

2017 చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అంది. ప్రభుత్వం వాళ్లకు వైద్యం, పునరావాసం ఇవ్వాలని కూడా అంది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక 309 పోయింది. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చెయ్యడానికి అలా చేస్తేనే నేరమని 226లో మిగిల్చారు. ఇది మానసిక వైద్యులు ఏళ్ల తరబడి అడిగి, అడిగి సాధించుకున్న వాటిలో ఒకటి, గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ మొన్న కూడా ఒక కుటుంబం నాతో 'కడుపునొప్పి' అనే అంది. చట్టం మారిన కబురు క్యాజువాలిటీ గుమ్మం దాకా రాలేదు. అవుట్‌పోస్టులో కానిస్టేబుల్‌కు, డ్యూటీ డాక్టరుకు, వార్డు నర్సుకు చెప్పే ఒక జీవో, ఒక పేజీ జీవో, అడిగితే వస్తుంది. మనం అడగలేదు. గెలిచాం అనుకుని ఇంటికెళ్లిపోయాం.

అలాగే పురుగుమందు. శ్రీలంకలో 1995 నుంచి బాగా విషపూరితమైన మందులను వరసగా నిషేధించారు. పదేళ్లలో ఆత్మహత్యలు సగానికి పడ్డాయి. అక్కడ హఠాత్తుగా సైకియాట్రిస్టులు పెరిగిపోలేదు. చేతికందిన డబ్బాలో విషం తగ్గింది, క్షణికావేశంలో తాగినవాడు బతికాడు. మన దేశమూ 2018లో 18 మందుల నిషేధానికి ఉత్తర్వు ఇచ్చింది, ఇంకా ఉన్నాయి. ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం, 1968 కింద రాష్ట్రం తనంతట తాను ఆపగలిగేది 60 రోజులకే, పొడిగించినా ఇంకో 30 రోజులకే, శాశ్వతంగా అయితే ఢిల్లీయే. కాబట్టి పల్నాడులో ప్రాక్టీసు చేసే సైకియాట్రిస్టు కలవాల్సింది ఆరోగ్యమంత్రిని మాత్రమే కాదు, వ్యవసాయం చూసేవాళ్లని. ఈ మాట మన సమావేశాల్లో అంటే కొందరు 'అది మన సబ్జెక్టు కాదు' అంటారు. ఎందుకంటే అందులో మనకు పోస్టు రాదు, పరిశోధన నిధులు రావు. నేను కొంచెం కటువుగా అంటున్నానేమో. అనాల్సిందే.

స్వార్థం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలిచ్చింది. ఆ కేసు మన విశాఖలో చదువుకుంటున్న ఒక నీట్ విద్యార్థిని మరణం నుంచి పుట్టింది. వందమంది, ఆపైన విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టొద్దు, కోచింగ్ సెంటర్లకు రాష్ట్రాలు రెండు నెలల్లో నిబంధనలు తేవాలి. బెంజి సర్కిల్ నుంచి గూడవల్లి దాకా హోర్డింగుల మీద ర్యాంకులు చూస్తూ ఈ హాలుకు వచ్చారు కదా, ఇది మన ఊరి కేసు అనుకోండి. దీని గురించి మాట్లాడ్డానికి మనం వెళితే ఎమ్మెల్యే అడగొచ్చు: "మీలో ఎంతమందికి ఆ కాలేజీలు నెలకింతని ఇస్తున్నాయి?" నాకూ కొన్నాళ్లు ఒక కాలేజీ ఇచ్చింది. అక్కడ నేను రాసిచ్చిన సలహాల్లో సెక్షన్లు విడగొట్టొద్దన్న మాట లేదు. మీకు అర్థమైంది. మందుల కంపెనీలు కాన్ఫరెన్సుల పేరుతో చేసిన మర్యాదలు కూడా అంతే, 2024లో కొత్త మార్కెటింగ్ నియమావళి వచ్చింది కానీ అలవాటు అంత త్వరగా పోదు. అందుకే మా బృందం ఇప్పుడు కాగితం చివర రెండు లైన్లు రాస్తోంది: ఈ అడిగినదాంట్లో మాకు వచ్చే లాభం ఇది, మాకు డబ్బిచ్చేవాళ్లు వీళ్లు. మొదట్లో కొందరు సంతకం పెట్టలేదు. చదివిన శాసనసభ్యుడు మాత్రం మిగతా పేజీని నమ్ముతాడు.

పోస్టుల గురించి అడగొద్దా? అడగాలి, గట్టిగా. 2019 నాటి ఒక అంచనా ప్రకారం దేశంలో లక్షమందికి 0.75 సైకియాట్రిస్టు. కనీసం ముగ్గురుండాలని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం అంది. మన రాష్ట్రంలో దాదాపు ఐదు కోట్ల జనం, ఆ లెక్కన పదిహేను వందల మంది కావాలి. (2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. మన సొంత అంకెలే మనకు లేవు, మొదట అడగాల్సింది అదేనేమో.) చట్టం 31వ సెక్షన్ ఒక గడువు పెట్టింది. అమల్లోకి వచ్చిన పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నిపుణుల సంఖ్యను అందుకోవడానికి ప్రభుత్వం కృషి చెయ్యాలని. అమల్లోకి వచ్చింది 2018లో. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. ఆ గడువు గురించి సభలో ప్రశ్న వెయ్యడానికి ఒక ఎమ్మెల్యే, ఒక ఎంపీ చాలు.

నా సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. వచ్చే సమావేశాల ముందు ఇచ్చే కాగితం బయట బల్ల మీద ఉంది. తెలుగులో, ఒకే పేజీ. మూడే ఉన్నాయి: పీహెచ్‌సీలో నాలుగు మందులు, క్యాజువాలిటీలకు 115వ సెక్షన్ మీద జీవో, కోచింగ్ కేంద్రాల నిబంధనలు. కింద 14416 నంబరు కూడా వేశాం, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం చేసే టెలీమానస్‌ది, ఎమ్మెల్యే ఇంట్లో ఎవరికైనా పనికొస్తుంది. నచ్చనిది కొట్టేయండి, నాలుగోది మాత్రం చేర్చకండి.

ప్రశ్నలు తీసుకుందాం. డాక్టర్లు కాసేపు ఆగండి. ఆ వెనక వరసలో ఆకుపచ్చ చీర అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అక్కడికి పంపండి.